ఒకే బూడిద పొరలో మూడు చోట్ల మూడు ఖనిజాలు ఎందుకు వచ్చాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎండిపోయిన పాత సరస్సు ఒకదాన్ని మ్యాపింగ్ చేస్తున్నారు. అందులో అర మీటరు మందం ఉన్న అగ్నిపర్వత బూడిద పొర ఒకటి గట్టు నుంచి నడుమ దాకా తెగకుండా కనిపిస్తోంది. గట్టు దగ్గరి నమూనాలో మామూలు అగ్నిపర్వత గాజు వచ్చింది. రెండు కిలోమీటర్లు లోపలికి వెళ్తే ఫిలిప్సైట్, క్లినోప్టిలోలైట్, అంటే జియొలైట్లు, తమలో నీళ్లు పట్టి ఉంచుకునే ఖనిజాలు. నడుమకు వచ్చేసరికి గాజూ లేదు, జియొలైటూ లేదు, దాదాపు అంతా పొటాషియం ఫెల్డ్‌స్పార్. ఇవి మూడు వేర్వేరు పేలుళ్ల బూడిదలా, లేక కింది నుంచి వేడినీళ్లు తన్నుకొచ్చి నడుమ భాగాన్ని మార్చేశాయా అని అడిగారు. ఫెల్డ్‌స్పార్ అంటే వందల డిగ్రీల వేడి మీద శిలాద్రవంలో పుట్టేది కదా, సరస్సు అడుగు బురదలో ఎలా వస్తుందన్నది మీ అసలు అనుమానం.

రెండూ కాదు. పేలుడు ఒకటే, బూడిదా ఒకటే, వేడినీళ్లతో పనే లేదు. ఆ బూడిద గట్టు దగ్గర దాదాపు మంచినీళ్లలో నానింది, కాస్త లోపల ఉప్పదనం ఉన్న క్షార జలంలో నానింది, నడుమ చిక్కటి సోడా (సోడియం కార్బొనేట్) నీళ్లలో నానింది. మీరు తెచ్చిన మూడు నమూనాలు మూడు రకాల నీళ్ల గురించి చెబుతున్నాయి. పొరను పైనుంచి కిందికి చదవడం మనకు అలవాటు. ఇలాంటి సరస్సులో దాన్ని అడ్డంగా చదవాలి.

ఈ వరస మీకు మొదటిసారి కావచ్చు గానీ భూగర్భ శాస్త్రానికి కొత్త కాదు. కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ పక్కన, అమర్గోసా నది దారిలో టెకోపా అనే ఎండిన సరస్సు ఉంది. అమెరికా భూగర్భ సర్వేకు చెందిన షెపర్డ్, గూడ్ దాని మీద 1968లో ఇచ్చిన నివేదికలో సరిగ్గా మీరు చెప్పిన క్రమమే ఉంది: అంచున గాజు, దాని లోపల జియొలైట్ల పట్టీ, నడుమ పొటాషియం ఫెల్డ్‌స్పార్. అక్కడి ముఖ్యమైన బూడిద పొరలు ఎక్కడినుంచి వచ్చాయో కూడా తర్వాత తేలింది. ఒకటి సుమారు 7.6 లక్షల ఏళ్ల కిందట, మూడు వందల కిలోమీటర్ల అవతల లాంగ్ వ్యాలీలో జరిగిన పేలుడుది. ఇంకో రెండు ఎల్లోస్టోన్ నుంచి వెయ్యి కిలోమీటర్లు గాల్లో కొట్టుకొచ్చినవి, ఒకటి సుమారు 21 లక్షల ఏళ్ల నాటిది, మరొకటి 6.3 లక్షల ఏళ్ల నాటిది. ఒకసారి ఆలోచించండి. పేలుళ్లు వేరు, కాలాలు వేరు, అగ్నిపర్వతాలు కూడా వేరు. వరస మాత్రం అదే. ఖనిజాన్ని నిర్ణయించేది పేలుడే అయితే ఇలా రాదు.

ఇక అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం. ముందు బూడిద సంగతి. పేరుకు బూడిద అంటాం గానీ అది కాలిన పదార్థం కాదు, గాజు పెంకులు. శిలాద్రవంలోని వాయువులు బుడగలు కట్టి ఒక్కసారిగా పగిలితే ఆ బుడగల గోడల ముక్కలే ఈ పెంకులు. స్ఫటికం కట్టే టైమ్ లేకుండా చల్లారిపోయాయి కాబట్టి అణువుల అమరికలో క్రమం ఉండదు, అందుకే నీళ్లకు త్వరగా లొంగుతాయి. పైగా ఒక్కో పెంకు మందం మైక్రాన్లలో ఉంటుంది కాబట్టి నీళ్లు తగిలే ఉపరితలం విపరీతం. రయోలైట్ రకం బూడిదలో సిలికా 70 శాతం పైనే, అల్యూమినా పన్నెండు పదమూడు శాతం, మిగిలినదాంట్లో సోడియం, పొటాషియందే పెద్ద వాటా. జియొలైట్‌కు కావలసిన సరుకు దాదాపు అంతా అందులోనే ఉంది, కరిగించి మళ్లీ కట్టే నీళ్లు దొరకాలి, అంతే.

ఆ నీళ్ల దగ్గరే చాలామంది పొరబడతారు. పుస్తకాల్లో ఉప్పు సరస్సు అని రాసి ఉంటుంది, ఉప్పు ఉంటే చాలనుకుంటాం. చాలదు. మృత సముద్రాన్ని మించిన ఉప్పునీళ్లు ప్రపంచంలో అరుదు, కానీ దాని పీహెచ్ 6 దగ్గర ఉంటుంది. అలాంటి నీళ్లలో గాజు ఇంత సులువుగా కరగదు. మనకు కావలసింది సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ నిండిన నీళ్లు, పీహెచ్ 9 దాటిన నీళ్లు.

ఒక సరస్సు సోడా సరస్సు అవుతుందా, మామూలు ఉప్పు సరస్సు అవుతుందా అన్నది మొదట్లోనే, నీళ్లు ఇంకా పలచగా ఉన్నప్పుడే తేలిపోతుంది. బయటికి దారి లేని లోతట్టు ప్రాంతం అనుకోండి. చుట్టూ కొండల మీంచి వచ్చే వాగులు రాళ్లను కరిగించుకుంటూ కాల్షియం, మెగ్నీషియం, సోడియం, బైకార్బొనేట్ తెచ్చి పోస్తాయి. ఎండకు నీళ్లు ఇగిరే కొద్దీ ముందు కాల్షియం కార్బొనేట్ అడుగున పేరుకుంటుంది. అది పేరుకునేటప్పుడు కాల్షియం, కార్బొనేట్ రెండూ ఖర్చవుతాయి, కాబట్టి రెంటిలో ఏది ముందు అయిపోతుందన్నదే ప్రశ్న. కార్బొనేట్ ముందు అయిపోతే మిగిలిన కాల్షియం సల్ఫేటుతో కలిసి జిప్సం కడుతుంది, నీళ్లు తటస్థంగా ఉండిపోతాయి. కాల్షియం ముందు అయిపోతే మిగిలిన కార్బొనేట్‌కు జతగా సోడియం ఒక్కటే ఉంటుంది, ఇగిరే కొద్దీ పీహెచ్ ఎగబాకుతుంది. ఈ చీలికను భూరసాయన శాస్త్రవేత్తలు హార్డీ, యూగ్‌స్టర్ 1970లో లెక్కలతో సహా చూపించారు. సున్నపురాయి, జిప్సం తక్కువగా ఉండి అగ్నిపర్వత శిలలు ఎక్కువగా ఉన్న పరీవాహక ప్రాంతంలో రెండో దారే ఎక్కువ. అందుకే బూడిద పడే చోట్లా, సోడా సరస్సులు ఉండే చోట్లా తరచు ఒకటే అవుతాయి.

పీహెచ్ 9 అన్న గీత ఎందుకు? తటస్థమైన నీళ్లలో, 25 డిగ్రీల దగ్గర, స్ఫటికం కట్టని సిలికా లీటరుకు 120 మిల్లీగ్రాముల దాకా కరుగుతుంది. పీహెచ్ 9 దాటాక సిలిసిక్ ఆమ్లం తన హైడ్రోజన్‌ను వదిలేసి అయాన్‌గా మారడం మొదలెడుతుంది, అక్కడినుంచి కరిగే మోతాదు గబగబా పెరిగిపోతుంది. కెన్యాలో మగాడి (Magadi) అనే సరస్సు చిక్కటి జలాల్లో లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటిన సిలికా కొలిచారు. అల్యూమినియం కూడా తటస్థ నీళ్లలో కదలనిది క్షారంలో కదులుతుంది. అంటే గాజుకు అస్థిపంజరం లాంటి రెండూ ఒకేసారి సడలిపోతాయి.

మంచినీళ్లలో పడిన బూడిద కూడా మారుతుంది గానీ దారి వేరు. అక్కడ సోడియం, పొటాషియం కొట్టుకుపోతాయి, మిగిలింది మాంట్‌మోరిల్లోనైట్ రకం బంకమన్ను అవుతుంది. బెంటోనైట్ అనే బంకమన్ను పొరల్లో కొన్ని అలా వచ్చినవే. నీళ్లలో హైడ్రోజన్ అయాన్లతో పోలిస్తే సోడియం, పొటాషియం ఎంత ఎక్కువుంటే బంకమన్ను అంత వెనకబడుతుంది, జియొలైట్ అంత ముందుకొస్తుంది. మీ గట్టు నమూనాలో గాజు పెంకుల మీద సన్నటి బంకమన్ను పూత ఉందేమో చూడండి. ఉంటుందనే నా అంచనా.

మైక్రోస్కోపు కింద జియొలైట్ పట్టీ నమూనాను పెట్టి చూడడం నాకు ఇప్పటికీ ఇష్టమైన పని. చేతిలో ఉన్నప్పుడు ఆ రాయి సుద్దముక్కలా ఉంటుంది, తేలిగ్గా, మెరుపు లేకుండా, తడి నాలుకకు అంటుకునేలా. పలుచటి సెక్షన్ కోసి చూస్తే పెంకుల ఆకారాలు అలాగే ఉంటాయి, మూడు కొమ్ముల పెంకులు, విల్లులా వంగినవి, చిన్న గొట్టాల్లాంటివి. గాజు మాత్రం ఉండదు. పెంకు అంచు వెంట వెంట్రుక మందం బంకమన్ను పొర, దాని మీంచి లోపలికి పెరిగిన సన్న స్ఫటికాలు, చాలాసార్లు నడుమ ఖాళీ. ఆ ఖాళీ చాలా విషయం చెబుతుంది. గాజు ఉన్నచోటే ఘనరూపంలో మారి జియొలైట్ అవలేదు. ముందు అంచున బంకమన్ను కట్టింది, లోపలి గాజు కరిగిపోయింది, ఆ ఖాళీలోకి జియొలైట్ పెరిగింది. ఇదంతా జరిగింది కూడా సరస్సు నీళ్లలో తేలుతుండగా కాదు, అడుగున బురద కింద పూడిపోయాక, రేణువుల మధ్య ఇరుక్కున్న నీళ్లలో. ఆ నీళ్లు పైనున్న సరస్సు నీళ్లకు వారసులు, అందుకే సరస్సు రసాయనం పొరలో అచ్చుపడింది.

మరి జియొలైట్ల తర్వాత ఏమిటి? నడుమకు వెళ్లే కొద్దీ ఖనిజంలో నీటి శాతం తగ్గుతూ పోతుంది. 1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెడ్ వీటిని వేడి చేస్తే నీళ్లు వదిలి పొంగడం చూసి, మరిగే రాయి అన్న అర్థంలో జియొలైట్ అని పేరు పెట్టాడు. ఫిలిప్సైట్, క్లినోప్టిలోలైట్, చాబజైట్ లాంటివాటి బరువులో పదో వంతుకు పైగా నీళ్లే. అనాల్సీమ్ అనే ఇంకో జియొలైట్‌లో 8 శాతం. పొటాషియం ఫెల్డ్‌స్పార్‌లో అసలు లేవు. చిక్కటి ఉప్పు జలంలో నీళ్ల అణువులు చాలావరకు లవణాల చుట్టూనే చిక్కుకుని ఉంటాయి, స్ఫటికంలోకి వెళ్లడానికి స్వేచ్ఛగా దొరికేవి తక్కువ. అందుకని నీళ్లు తక్కువ పట్టే ఖనిజానిదే పైచేయి. గాజు నుంచి ముందు నీళ్లు ఎక్కువున్న జియొలైట్లు, వాటినుంచి అనాల్సీమ్, వాటిలో ఏదో ఒకదాన్నుంచి ఫెల్డ్‌స్పార్, ఇదీ సాధారణ క్రమం. అనాల్సీమ్ నేరుగా గాజు నుంచి రావడం ఇలాంటి సరస్సుల్లో మామూలుగా కనబడదు. మీ దగ్గర అనాల్సీమ్ పట్టీ లేదని కంగారు పడకండి. అరిజోనాలోని బిగ్ శాండీ నిక్షేపాల్లో అది ఘనంగా ఉంది, అన్ని సరస్సుల్లోనూ అలా ఉండాలని లేదు.

ఇప్పుడు ఫెల్డ్‌స్పార్. దాన్ని వేడితో ముడిపెట్టడం మనకు మొదటి ఏడాది పాఠాల నుంచి వచ్చిన అలవాటు. గ్రానైట్‌లో అది వేడి మీదే పుడుతుంది, నిజమే. కానీ వేడి మీద పుట్టగలదంటే చల్లటి చోట పుట్టలేదని కాదు. సిలికా దండిగా ఉండి, హైడ్రోజన్ అయాన్లతో పోలిస్తే పొటాషియం చాలా ఎక్కువున్న నీళ్లలో, సాధారణ ఉష్ణోగ్రత దగ్గర కూడా స్థిరంగా ఉండేది ఈ ఖనిజమే. మామూలు నీళ్లలో ఆ పరిస్థితి రాదు కాబట్టి మనకు కనబడదు, అంతే. ఇక్కడ ఒక చిక్కు ఉంది, మీరు అడగకపోయినా చెప్పాలి. సరస్సు నిండా సోడియం, పొటాషియం కొద్దిగానే. అలాంటప్పుడు సోడియం ఫెల్డ్‌స్పార్ అయిన ఆల్బైట్ కదా రావాలి? రెండు కారణాలు. మొదటిది, ముందు పుట్టిన ఫిలిప్సైట్, క్లినోప్టిలోలైట్ నీళ్లలోంచి పొటాషియాన్ని ఏరి పట్టుకుంటాయి, ఆ విధంగా పొరలో పొటాషియం నిల్వ చేరుతుంది. రెండోది, తక్కువ ఉష్ణోగ్రతలో ఆల్బైట్ కట్టడం మహా నిదానం, సోడియం ఆ పని కన్నా తేలికైన అనాల్సీమ్ వైపు పోతుంది.

కాలం గురించి ఒక్కమాట. లక్షల ఏళ్లు పట్టనక్కర్లేదు. నెవాడాలో టీల్స్ మార్ష్ అనే చోట సుమారు వెయ్యేళ్ల కిందటి బూడిదలోనే ఫిలిప్సైట్ కట్టింది. దాన్నుంచి ఫెల్డ్‌స్పార్ దాకా రావడానికి మాత్రం ఇంకా చాలా ఎక్కువ సమయం కావాలి. బాగా పాత సరస్సుల్లో, ఉదాహరణకు సుమారు 5 కోట్ల ఏళ్ల నాటి గ్రీన్ రివర్ నిక్షేపాల్లో, అనాల్సీమ్, ఫెల్డ్‌స్పార్‌లదే రాజ్యం.

మీ నడుమ భాగంలో ఇంకో ఖనిజం కోసం కూడా వెతకండి, సియర్లసైట్. సోడియం, బోరాన్ ఉన్న సిలికేట్, మొదట సియర్లస్ సరస్సులో దొరికింది. నీళ్లు చిక్కబడ్డాక మిగిలిపోయిన బోరాన్ దాంట్లోకి వెళ్తుంది. నెవాడాలో రయోలైట్ రిడ్జ్ దగ్గర ఇది లిథియం ఉన్న బంకమన్నుతో కలిసి దొరకడంతో గనుల కంపెనీలు కూడా ఇప్పుడు ఇలాంటి సరస్సుల మీద కన్నేశాయి. అది వేరే కథ.

సరే, వేడినీళ్లు కావని ఎలా నిరూపిస్తారు? మీ గైడ్ తప్పకుండా అడుగుతారు. వేడినీళ్లు పగుళ్ల వెంట, ఊటల వెంట వస్తాయి, మార్పు వాటి చుట్టూ ఉంటుంది, అడ్డొచ్చిన పొరలన్నిటినీ కోసుకుంటూ పోతుంది. మీ దగ్గర పట్టీల సరిహద్దులు సరస్సు గట్టుకు సమాంతరంగా వంపు తిరుగుతున్నాయా చూడండి. తిరిగితే సరస్సుదే. భూగర్భ జలం కిందికి ఇంకుతూ బూడిదను మార్చే ఇంకో పద్ధతి కూడా ఉంది, ఓరెగాన్‌లోని జాన్ డే నిక్షేపాలు దానికి పేరుపడ్డ ఉదాహరణ. అక్కడ మార్పు అడ్డంగా కాక నిలువుగా ఉంటుంది, పైన గాజు మిగిలి ఉండి కింద జియొలైట్ వస్తుంది. మీరు చెప్పిన వరస ఒకే పొరలో అడ్డంగా మారుతోంది కాబట్టి అదీ కాదు. గట్టు దగ్గర నత్త గుల్లలు, డయాటమ్‌లు (సిలికా గుల్లలుండే సూక్ష్మ నాచు) ఉండి నడుమ ఏమీ లేకుండా పోవడం, నడుమ బురదలో ఉప్పు స్ఫటికాల అచ్చులు కనబడడం లాంటివి దొరికితే ఇక వాదన ఉండదు. సిలికా కరిగే నీళ్లలో డయాటమ్ గుల్లలు కూడా మిగలవు.

ఒక్క పొరతో ఆగకండి. పైనున్న బూడిద పొరలోనూ, కిందున్నదాంట్లోనూ ఇదే సరిహద్దులు గీయండి. అవి ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడవు, ఒక పొరలో గట్టు వైపు జరుగుతాయి, ఇంకోదాంట్లో నడుమకు ముడుచుకుంటాయి. సరస్సు నీళ్లు చిక్కబడి, పలచబడిన చరిత్ర అదే. నిజం చెప్పాలంటే మీ థీసిస్‌లో ఈ భాగమే ఎక్కువ విలువైనది అవుతుంది.

ఎక్స్ఆర్డీ, అంటే ఎక్స్ కిరణాలతో ఖనిజాలను గుర్తుపట్టే పరీక్ష, విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదట్లో ఒక గట్టు నమూనాలో 27.5 డిగ్రీల కోణం దగ్గర ఫెల్డ్‌స్పార్ పీక్ చూసి, ఫెల్డ్‌స్పార్ పట్టీ గట్టు దాకా వచ్చిందని మ్యాప్‌లో గీసేశాను. అది సానిడైన్, అంటే పేలుడులోనే బూడిదతో పాటు ఎగిరి వచ్చిన స్ఫటికం. మ్యాప్ మొత్తం మళ్లీ గీయాల్సి వచ్చింది. రెంటినీ విడదీయడం కష్టమేమీ కాదు. నమూనాను నీళ్లలో కలిపి రెండు మైక్రాన్ల లోపు సన్న భాగాన్ని వేరుచేసి దాన్ని విడిగా రన్ చేయండి. సరస్సులో పుట్టిన ఫెల్డ్‌స్పార్ ఆ సన్న భాగంలోనే ఉంటుంది, దాదాపు శుద్ధమైన పొటాషియం రకం. సానిడైన్ పెద్ద రేణువుల్లో మిగిలిపోతుంది, సోడియం కూడా కలిసి ఉంటుంది. పొర వయసు కట్టించాలంటే ఆ పెద్ద రేణువుల్నే చేత్తో ఏరి పంపండి. నడుమ భాగం రాయిని మొత్తంగా నూరి పంపితే వచ్చేది పేలుడు వయసు కాదు, పేలుడుకూ తర్వాతి మార్పులకూ మధ్య ఎక్కడో పడే అంకె. దానికి అర్థం చెప్పడానికి నానా తంటాలు పడాలి.

చివరగా, జియొలైట్ పట్టీ నమూనాలను ఇంకా పొడి చేయకపోతే కాస్త ఆగండి. ఈ పట్టీలో ఫిలిప్సైట్ పక్కనే ఎరియోనైట్ అనే ఇంకో జియొలైట్ కూడా తరచు ఉంటుంది, సన్న పోగుల్లా. టర్కీలోని కప్పడోకియాలో కరాయిన్, తుజ్‌కోయ్ లాంటి ఊళ్లలో ఎరియోనైట్ ఉన్న రాళ్లతో ఇళ్లు కట్టుకున్న జనాల్లో ఊపిరితిత్తుల పైపొర క్యాన్సర్, మీసోథీలియోమా, భయంకరంగా ఎక్కువగా వచ్చింది. గోరంత ముక్కను తడిపి నూరి, మాస్క్ పెట్టుకుని, ముందు దాన్ని మాత్రం ఎక్స్ఆర్డీలో పెట్టండి. యంత్రంలో ఎక్స్ కిరణాలిచ్చేది రాగి ట్యూబ్ అయితే 7.7 డిగ్రీల దగ్గర పీక్ వస్తుందేమో చూడండి. వస్తే మిగతా నమూనాల సంచులు మూసి పెట్టి, ఫ్యూమ్ హుడ్ ఉన్న ల్యాబ్‌లో తప్ప ఎక్కడా తెరవకండి.